దంపతుల పేర ఒక కళోత్సవము



1954 వ సంవత్సరమున ఢిల్లీ నగరమందు మొట్టమొదటి అంతర్విశ్వవిద్యాలయ యువజనోత్సవము జరిగినది మొదలు, మన దేశమందలి విద్యాపీఠములు ఏడాదికొక్కమారైనను ఆటకును, పాటకును, నాటకమునకును, చిత్రప్రదర్శనమునకును తలుపులు తెరచుచు, పాఠ్యపుస్తకములలో దొరకని విద్య మరియొకటి కలదని విద్యార్థులకు జ్ఞాపకము చేయుచునే యున్నవి. ఇట్టి ఉత్సవములకు ఒక దేశనాయకుని పేరో, ఒక మహాకవి పేరో, విద్యాపీఠమును స్థాపించిన పెద్దల పేరో పెట్టుట మనకు పరిపాటి. ఒక్క కప్పు క్రింద కలిసి బ్రతుకుచు, ఎవరి కళను వారు సాధించుకొనిన భార్యాభర్తల పేర, ఇరువురిని సరిసమానముగా నిలిపి, ఒక కళోత్సవము జరుపవలెనన్న తలంపు మాత్రము మనకంత సులభముగా తట్టదు. ఈ సాయంకాలము నేను మీతో ముచ్చటింపదలచినది ఆ తలంపును గురించియే.

మనదేశములో కళాకారులైన దంపతులకు సన్మానములు జరుగుటలేదని నేననుటలేదు. జరుగుచున్నవి. అయితే వాని తీరెట్లుండునో మీరును చూచియే యుందురు. వేదికపై భర్త రచనలను గురించి నలుగురు వక్తలు గంటల తరబడి ప్రసంగింతురు. ఆయన శైలి, ఆయన దర్శనము, ఆయన సమకాలికులపై ఆయన ప్రభావము, అన్నియు విచారణకు వచ్చును. అటుపిమ్మట, సభ ముగియు వేళకు, భార్యను వేదికమీదికి పిలిచి, చీరయు పసుపుకుంకుమలును సమర్పించి, ఆయనకు వెన్నెముకవలె నిలిచిన సాధ్వియని రెండు వాక్యములు పలికి కూర్చుండబెట్టుదురు. ఆమెయు వ్రాసినదనియో, ఆమెయు కుంచె పట్టినదనియో ఎవరైన పలికినను, అది ఆమె సుగుణములలో నొకటిగా పలుకుదురే కాని, ఆమె పుస్తకము తెరచి ఒక పుట చదివినవారు సభలో ఎందరున్నారో చెప్పుట కష్టము. గౌరవింపవలెనన్న సద్బుద్ధికి లోటు లేదు. లోటున్నది చదువుటలోను, చూచుటలోను, వినుటలోను. చదివించుట, చూపించుట, వినిపించుట విశ్వవిద్యాలయముల వృత్తిధర్మము గనుకనే, ఈ లోటు తీర్పవలసిన బాధ్యత మొదట వారిదని నా నమ్మకము.

దంపతులన్నంతనే మన ఉపన్యాసకులు అర్ధనారీశ్వర మూర్తిని స్మరింతురు. ఆ మూర్తి మహోన్నతమైనదే. శిల్పములో దానిని దర్శించినపుడెల్ల చేతులు జోడింపని వాడెవడు? కాని ఇద్దరు కళాకారుల కృషిని కొలుచుటకు ఆ ఉపమానము నాకు తగినదిగా తోచదు. అందు ఒక్కొక్కరు సగము సగమే. ఒకరి చిత్రము మరియొకరి కథలో సగము కాదు, ఒకరి నవల మరియొకరి నవలకు అనుబంధము కాదు. ఎవరి పనికి వారే పూర్తి కర్తలు. ఇరువురి నడుమ నున్నది ఇచ్చిపుచ్చుకొనుట, ఒకరి పనివేళను ఒకరు కాచుట, ఒకరు లేనినాడు వారి పనిని మరియొకరు దాచుట. ఈ చివరిదానిని గురించి నేను కొంత విస్తరించి చెప్పవలసియున్నది. ఏలయన, దంపతులైన కళాకారుల చరిత్రలో మిక్కిలి విలువైనదియు, మిక్కిలి అన్యాయము జరిగినదియు ఆ దాచుటలోనే యున్నది.

రాజమహేంద్రవరమునకు పోదము. దామెర్ల రామారావు 1897లో అచ్చట జన్మించినాడు. ఆ పట్టణపు ప్రభుత్వ కళాశాలకు ప్రధానాచార్యుడుగా నుండిన ఆంగ్లేయుడు ఆస్వాల్డ్ కూల్డ్రే, తాను స్వయముగా చిత్రకారుడు గనుక, ఆ బాలుని చేతిలోని ప్రజ్ఞను గుర్తించి, బొంబాయి జె. జె. కళాశాలలో చదువుకొను దారి చూపినాడు. చదువు ముగించి స్వస్థలమునకు మరలివచ్చిన రామారావు, గోదావరి తీరమున చిత్రకళకొక పాఠశాల నెలకొల్పి, చుట్టును శిష్యులను, మిత్రులను చేర్చుకొని, ఆంధ్రదేశపు చిత్రకళకు ఒక ముఖమేర్పడుచున్న వేళ, 1925 ఫిబ్రవరిలో, 28 ఏండ్లు నిండకయే, మశూచికి బలియైపోయినాడు. ఆయన పేర నేడొక చిత్రశాల యున్నది. ఆయన చిత్రములు తెలుగువారికి పరిచితములే. కాని ఆయన భార్య సత్యవాణియు చిత్రకారిణియే యని, భర్త చెంతనే వర్ణలేఖనము నేర్చి బొమ్మలు వేసినదని, ఆయన చెల్లెలు బుచ్చికృష్ణమ్మయు అదే విద్యను అభ్యసించినదని ఎరిగినవారు ఆ చిత్రశాల గడపదాటినవారిలోనైనను అందరును కారు. ఒకే యింట అన్నగారు, వదినెగారు, ఆడుబిడ్డ ముగ్గురును కుంచె పట్టిన సందర్భము ఆ కాలపు ఆంధ్రదేశములో ఎంత అపురూపమో ఊహించుకొనుడు! రామారావు పోయిన పిదప ఆ చిత్రములు చెదరిపోక, అమ్ముడుపోక, ఒకచోట నిలిచి నేటి తరమునకు దక్కుటలో సత్యవాణికిని, వరదా వెంకటరత్నము మున్నగు మిత్రులకును గల పాలు చిన్నది కాదు. భర్తృవియోగమునకు పిదప ఆమె గడపిన దీర్ఘకాలము మనకు ఆయన చిత్రములను మిగిల్చినది. ఆమె చిత్రములను మనము ఎంత శ్రద్ధగా చూచితిమి?

ఈ ప్రశ్న మన దేశమునకే పరిమితమైనది కాదు. జర్మనీ దేశమున రాబర్ట్ షూమన్, క్లారా షూమన్ అను సంగీతకర్తలైన దంపతులు 1840లో వివాహమాడిరి. మరుసటి యేడే ఇరువురును కలిసి ర్యూకర్ట్ అను కవి పద్యములకు పన్నెండింటికి స్వరరచన చేసి ఒకే సంపుటముగా ప్రకటించిరి. అందు తొమ్మిది ఆయనవి, మూడు ఆమెవి. ఏది యెవరిదో పుస్తకములో వేరుపరచి చూపలేదు. కృతికర్తల పేర్లు తెలిసిన పిదప మన చెవి మారిపోవును గదా! పేరు తెలియక విను శ్రోతకు రచనమాత్రమే వినబడునని ఆ దంపతులు తలచిరో లేదో నేనెరుగను గాని, వారు చేసిన పనిలో ఆ పాఠము మాత్రము ఉన్నది. 1856లో రాబర్ట్ మరణించినాడు. క్లారా మరి నలువదేండ్లు జీవించి, ఐరోపా నగరములలో పియానో కచ్చేరీలు చేసి ఎనిమిదిమందిని కన్న సంసారమును నెట్టుకొనివచ్చుచు, భర్త సమగ్ర రచనలకు తానే సంపాదకత్వము వహించినది. ఆ నలువదేండ్లలో ఆమె స్వయముగా కూర్చిన సంగీతము దాదాపు లేదు. రాజమహేంద్రవరపు సత్యవాణిని తలచినపుడు నాకీ క్లారా జ్ఞాపకమునకు వచ్చును.

ఇప్పుడు మన రేడియోకు మిక్కిలి ఆప్తులైన దంపతుల కడకు వచ్చుచున్నాను. బుచ్చిబాబు అను పేర తెలుగుదేశమెల్ల ఎరిగిన శివరాజు వెంకట సుబ్బారావు గారు 1916 జూన్ 14న ఏలూరులో జన్మించిరి. ఆంగ్ల సాహిత్యము చదివి, అనంతపురములోను, విశాఖపట్టణములోను ఉపన్యాసకులుగా పనిచేసి, 1945లో ఆకాశవాణి మద్రాసు కేంద్రమున ప్రవేశించి, పిదప విజయవాడ కేంద్రమునకు వచ్చి, 1967 సెప్టెంబరు 20న కన్నుమూయువరకు ఆ కొలువులోనే యుండిరి. నాటకములు, ప్రసంగములు, కథలు, విమర్శలు, షేక్స్పియరుపై ఒక పెద్ద గ్రంథము, వీనికెల్ల శిరోభూషణముగా 'చివరకు మిగిలేది' నవల ఆయన మనకిచ్చిన సంపద. దయానిధి యను వైద్యుని మనస్సులో తల్లిని గురించిన లోకాపవాదము ముల్లువలె నాటుకొని, అతని ప్రేమలనన్నిటిని వెంటాడుటయే ఆ నవలకు ఇతివృత్తమని మీకు తెలియును. దానిని మనస్తత్త్వ నవలయని అందరు మెచ్చుకొనిరి. ఆ మెప్పు న్యాయమైనదే. కాని ఆ నవలలో వర్ణచిత్రకారుని కన్ను పనిచేసినదని ఎందరు గమనించిరి? దయానిధి కోస్తాను విడిచి రాయలసీమకు పోయిన భాగములను మరియొకమారు చదువుడు. బయలు, రాయి, ఎండ, మబ్బు, సాయంకాలపు వెలుతురు అచ్చట మాటలుగా రాలేదు, రంగులుగా వచ్చినవి. బుచ్చిబాబు గారు కాలక్షేపమునకు బొమ్మలు వేసినవారు కారు. ప్రకృతిదృశ్యములను ఏండ్ల తరబడి శ్రద్ధతో చిత్రించినవారు. ఆ చిత్రములను ప్రక్కనుంచుకొని నవలను చదివిన విద్యార్థికి, ఆ వాక్యములు అట్లు మెల్లగా ఏల నడచుచున్నవో, ఒక కొండను వర్ణించునపుడు అంచునుండి ఏల ఆరంభించుచున్నవో, వివరింపకయే బోధపడును.

ఆయన భార్య శివరాజు సుబ్బలక్ష్మి గారు 1925 సెప్టెంబరు 17న జన్మించి, ఆ కాలపు ఆచారము ననుసరించి చిన్నతనముననే కాపురమునకు వచ్చిరి. కళాశాలల మెట్లెక్కని ఆ గృహిణి కథలు వ్రాసిరి, నవలలు వ్రాసిరి, కుంచె పట్టి చిత్రములు రచించిరి. 'కావ్యసుందరి కథ' అను కథాసంపుటము, 'అదృష్టరేఖ', 'నీలంగేటు అయ్య', 'తీర్పు' అను నవలలు ఆమె కృతులలో కొన్ని. భర్త మరణించిన పిదప ఏబదిమూడేండ్లకు పైగా జీవించి, 2021 ఫిబ్రవరి 6న, తొంబదియైదేండ్ల వయస్సున, బెంగుళూరు నగరమున పరమపదించిరి. ఆ ఏబదిమూడేండ్లలో బుచ్చిబాబు గారి రచనలు మరల మరల అచ్చునకు వచ్చుటకు, ఆయన చిత్రములు భద్రముగా నుండుటకు, ఆయనను గూర్చి తెలిసికొనగోరి వచ్చిన ప్రతి పాఠకునికిని ఓపికతో సమాధానము దొరకుటకు ఆమెయే కారణము. ఇదంతయు మనము కృతజ్ఞతతో చెప్పుకొందుము. ఇంతకుమించి చెప్పుకొనకపోవుటయే నాకు బాధ కలిగించుచున్నది.

ఎందుకన, సుబ్బలక్ష్మి గారి కథలు బుచ్చిబాబు గారి కథలకు నీడలు కావు. ఇరువురిని వరుసగా చదివినవారు ఈ మాటను కాదనలేరు. ఆయన పాత్రలు తమ్ము తాము ప్రశ్నించుకొనును. ఆలోచనకు ఆలోచన ముడివేసికొని, లోపలి గదులలో దారితప్పి, ఎక్కడనో ఒకచోట ఆగి వెనుకకు చూచును. ఆయన చదివిన పాశ్చాత్య సాహిత్యమంతయు ఆ నడకలో వినబడును. ఆమె పాత్రలకు అంత తీరిక లేదు. ఆమె కథలలో మనకెదురుపడునది పాతకాలపు గృహము, ఆ గృహములో ఎవరు ఎవరితో ఏ స్వరముతో మాటాడవలెనో ముందుగానే నిర్ణయమైపోయిన జీవనము, ఆ నిర్ణయముల నడుమ ఒక స్త్రీ తనకంటూ మిగుల్చుకొనిన రవ్వంత చోటు. ఆమె దానికి పేరు పెట్టదు; వ్యాఖ్యానింపదు; ఒకరి మాటకు మరియొకరు బదులు చెప్పక లేచిపోవుటను చూపి ఊరకుండును. ఒకే యింట, ఒకే దీపము వెలుతురులో, ఒకరు మనస్సును లోపలినుండి త్రవ్వుచుండగా, మరియొకరు గుమ్మముకడ నిలిచి మనుష్యుల రాకపోకలను చూచినారు. తెలుగు కథకు ఇట్టి రెండు దృష్టులు ఒక్క గృహమునుండి లభించుట సామాన్యమైన భాగ్యము కాదు. అందులో ఒకదానిని చదివి రెండవదానిని ఆదరభావముతో ప్రక్కన పెట్టితిమనిన, నష్టపోయినది ఆమె కాదు, మనమే.

ఇక ఉత్సవము మాట. 1926లో బెజవాడలో వెలసి, పిదప తరలివచ్చిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, బుచ్చిబాబు గారు పాఠములు చెప్పిన విశాఖపట్టణములోనే ఉన్నది. దాని పేరులోనే కళ యున్నది. రిజిస్ట్రారుగా నుండిన కూర్మా వేణుగోపాలస్వామి గారు నాటకప్రయోగములను విద్యాపీఠపు పనిగా భావించి, విద్యార్థులచేత నాటకములాడించి, కళాశాలల నడుమ పోటీలు నడిపించిన సంప్రదాయము ఆ సంస్థకు కలదు. చిత్రకళను, రంగస్థలకళను బోధించు శాఖలును అచ్చట నున్నవి. సుబ్బలక్ష్మి, బుచ్చిబాబు దంపతుల పేర అచ్చట ఏటేట ఒక కళోత్సవము జరుగవలెనని నా మనవి. దినముల నిర్ణయము కాలమే మనకు చేసియిచ్చినది: సెప్టెంబరు 17 ఆమె జన్మదినము, సెప్టెంబరు 20 ఆయన వర్ధంతి. ఆమె పుట్టిన దినమున ఆరంభమై, ఆయన పోయిన దినమున ముగియు నాలుగు దినముల ఉత్సవములో, ఎవరిది ముందు, ఎవరిది వెనుక అను తగవే పుట్టదు.

ఇట్టి ఉత్సవమును ఎట్లు నడుపవలెనో తెలిసికొనుటకు శాంతినికేతనమున కళాభవనమువారు జరుపు నందనమేళాను చూడవచ్చును. ఆ భవనపు గురువైన చిత్రకారుడు నందలాల్ బోస్ జన్మదినమైన డిసెంబరు 3కు ముందు రెండు దినములు, అనగా 1, 2 తేదీలలో, 1973 నుండి ఆ మేళా జరుగుచున్నది. అచ్చట ఉపన్యాసములు తక్కువ, పని ఎక్కువ. విద్యార్థులును, అధ్యాపకులును తమ చేతితో చేసిన చిత్రములు, ముద్రలు, మట్టిపాత్రలు, దినదర్శినులు, ఆభరణములు తెచ్చి అందరికి అందుబాటైన వెలలకు అమ్ముదురు. వచ్చిన సొమ్ము విద్యార్థుల సహాయనిధికి పోవును. గురువు పేరును తలచుట యనగా గురువు చేసిన పనిని తామును చేయుటయని ఆ పిల్లలకు ఎవ్వరు బోధింపనక్కరలేదు. అయితే ఆ శాంతినికేతనమందును దంపతుల విషయములో జ్ఞాపకము కొంత ఒకవైపే మొగ్గినది. వినోదవిహారీ ముఖర్జీ హిందీభవనపు గోడలపై 1947 ప్రాంతమున మధ్యయుగ భక్తుల జీవితములను చిత్రించిన కుడ్యచిత్రము జగద్విఖ్యాతము. తరువాతి కాలమున చూపు కోల్పోయియు ఆయన కళాసృష్టి మానని సంగతిని సత్యజిత్ రాయ్ చలనచిత్రముగా తీసి లోకమునకు చూపినాడు. ఆ కుడ్యచిత్రమునకు చేయందించినవారిలో ఆయన భార్య లీలా ముఖర్జీ యొకరు. ఆమె స్వయముగా శిల్పి. కొయ్యను, కంచును మలచిన ఆమె శిల్పములను గూర్చి, ఆమె కుమార్తె మృణాళిని జనపనార త్రాళ్ళతో ముడివేసి నిలిపిన మహాశిల్పములను గూర్చినంతగానైనను మాటాడువారు అరుదు.

విశాఖలో జరుగవలసిన ఉత్సవమునకు చిత్రప్రదర్శనము ప్రాణమని వేరుగా చెప్పనక్కరలేదు. దానిలో ఒక చిక్కున్నది. కాగితముపై రంగులతో వేసిన పాత చిత్రములకు వెలుతురే శత్రువు. నీటిరంగుల చిత్రములపై 50 లక్సులకు మించిన వెలుగు పడనీయక, మసక వెలుతురులో కొద్దివారములు మాత్రమే చూపి మరల పెట్టెలలో పెట్టుట ప్రదర్శనశాలల ఆచారము. సెప్టెంబరు మాసమున సముద్రతీరమందలి తేమ సంగతి చెప్పనవసరము లేదు. కాగితమునకు బూజు పట్టించుటకు అది చాలును. కనుక మూలచిత్రములను నాలుగు దినములు మాత్రము, తేమను అదుపులో నుంచిన గదిలో చూపి, తక్కిన సంవత్సరమంతయు వాని ప్రతిరూపములనే కళాశాలలకు త్రిప్పుట మేలు. ఇరువురి చిత్రములను ఒకే గోడపై, ఎవరిదేదియో పేరు వ్రాయక, మొదటి దినము చూపవలెనని నా కోరిక. ప్రేక్షకులు చూచి, నచ్చినదాని యెదుట నిలిచి, ఏల నచ్చినదో తమలో తాము విచారించుకొనిన పిదప, రెండవ దినమున పేర్లు తగిలింపవచ్చును. షూమన్ దంపతులు పాటలకు చేసినది మనము చిత్రములకు చేసినట్లగును. కొందరు విద్యార్థులు తమ ఊహ తప్పినదని తెలిసికొని ఆశ్చర్యపడుదురు. ఆ ఆశ్చర్యము ఒక సెమిస్టరు పాఠమునకు సమానము.

కథలను చదివి వినిపించు పని రంగస్థల విద్యార్థులది. బుచ్చిబాబు గారి నాటకము 'ఆత్మవంచన'ను ప్రదర్శించుట సులభముగా తోచు ఆలోచన, ప్రదర్శింపవలసినదే. కాని సుబ్బలక్ష్మి గారి కథలను నాటకీకరింపక, ఉన్నవున్నట్లు, ఒక్క గొంతుతో, తొందర లేక చదువవలెను. ఆ కథలలో మౌనమునకు విలువ యెక్కువ గనుక, వేషములు, వాద్యములు వానికి భారమగును. చదువు పిల్లకు ఆ కథలలోని యాస తెలిసియుండవలెను. తెలియనిచో, గోదావరి, కృష్ణా మండలములలోని ముదుసళ్ళ కడకు పోయి నెలదినములు విని రావలెను. అట్లు విని రమ్మని పంపుటయు ఉత్సవములో భాగమే యని నేను తలచుచున్నాను. ఏటేట ఇట్టి పఠనములను ధ్వనిముద్రణము చేసి ఆకాశవాణికి అందజేసినచో, పదేండ్లలో ఆమె కథలన్నియు శ్రవ్యరూపమున నిలిచిపోవును. బుచ్చిబాబు గారు రెండు దశాబ్దములు సేవించిన సంస్థకు ఇంతకంటె తగిన కానుక ఏమి?

పరిశోధనకు సంబంధించిన పని కొంత నిశ్శబ్దముగా, సంవత్సరము పొడవునను జరుగవలసియున్నది. పత్రికలలో అచ్చయి సంపుటములకెక్కని కథలు, ఉత్తరములు, చిత్రములకు ముందు గీసికొనిన ముసాయిదాలు, ఇవన్నియు మన దేశములో ఇండ్లలోని బీరువాలలో, అటకలపైన ఉండును. తరము మారినపుడు ఇల్లు మారును, ఇల్లు మారినపుడు కాగితములు పోవును. భర్త కాగితములను భద్రపరచిన స్త్రీకి తన కాగితములు భద్రపరచుకొనవలెనన్న ధ్యాస సాధారణముగా ఉండదు. అవి మొదట పోవును. కావున దంపతుల పేర ఉత్సవము జరుపు విశ్వవిద్యాలయము మొట్టమొదట వెదుకవలసినది ఆమె కాగితములను. ఎం. ఏ. విద్యార్థులకు ఏటేట నలుగురికి ఈ పని అప్పగించి, కుటుంబముల అనుమతితో, ప్రతి కథకును తేదీ, పత్రిక పేరు, పుటసంఖ్య నమోదుచేయించినచో, కొన్ని యేండ్లకు ఒక సమగ్రమైన సూచిక తయారగును. మన సాహిత్యచరిత్రలలో రచయిత్రుల కృతులకు తేదీలు దొరకక పరిశోధకులు పడు పాట్లు నేను ఎరుగుదును.

ఆకాశవాణి ఆవరణములోనే ఇట్టి మరియొక దాంపత్యమున్నది. ఆచంట జానకిరామ్ గారు రేడియోలో పనిచేసిన రసజ్ఞులు, తమ స్మృతులను అతి మధురమైన వచనములో వ్రాసినవారు. ఆచంట శారదాదేవి గారు 'పారిపోయిన చిలుక' మున్నగు కథలతో తెలుగు కథకు సుకుమారమైన విషాదస్వరమును ప్రసాదించినవారు. శారదాదేవి గారు తిరుపతిలో అధ్యాపకురాలుగా నుండిరి గనుక, అచ్చటి శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము ఆ దంపతులను తనవారిగా తలచుకొనవచ్చును. దామెర్ల దంపతులకు రాజమహేంద్రవరమున ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయమున్నది. ఊరూరికి ఒకే ఉత్సవము నకలుగా జరుగరాదు; ఏ యింటి కళకు తగిన రూపము ఆ యింటికుండవలెను.

తెలంగాణమునకు వచ్చినచో, పాకాల దంపతుల పేరు చెప్పక తప్పదు. కరీంనగరు ప్రాంతపు అన్నారములో 1915లో జన్మించిన పాకాల తిరుమలరెడ్డి, పి. టి. రెడ్డియను పేర భారతీయ ఆధునిక చిత్రకళలో ప్రసిద్ధుడు. బొంబాయిలో చదివి, అచ్చటి యువచిత్రకారులతో కలిసి నూతనమార్గములు త్రొక్కి, హైదరాబాదులో స్థిరపడి, తాంత్రిక చిహ్నములను ఆధునిక వర్ణములలోనికి తెచ్చినాడు. ఆయన భార్య పాకాల యశోదారెడ్డి 1929లో పాలమూరు మండలమందలి బిజినేపల్లిలో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యపదవి నలంకరించిన విదుషీమణి. హరివంశములపై పరిశోధన చేసిన పండితురాలు. ప్రౌఢకావ్యభాషలో ఆరితేరిన ఆమె, కథ వ్రాయ కూర్చున్నపుడు మాత్రము తన పల్లెలోని స్త్రీల నోటిమాటను అక్షరము మార్చక కాగితముపై పెట్టినది. 'మా ఊరి ముచ్చట్లు' 1973లో వెలువడిన నాటికి ఆ పలుకుబడికి గ్రంథములలో గౌరవస్థానము లేదు. పండితురాలై యుండియు ఆ పని చేయుటకు ఎంత ధైర్యము కావలెనో తలచుకొన్నపుడు నాకామె యెడ అపారమైన గౌరవము కలుగును. నారాయణగూడలో వారు నిర్మించుకొనిన గృహము 'సుధర్మ'లో ఒకవైపు చిత్రములు, ఒకవైపు గ్రంథములు. ఇచ్చట ఎవరును ఎవరికి నీడకారు. చిత్రశాఖవారు ఆయనను, తెలుగు శాఖవారు ఆమెను వేరువేరుగా పంచుకొనుటయే లోపము. పల్లె పలుకును కథలోనికి తెచ్చిన ఆమె, తంత్రచిహ్నమును చిత్రములోనికి తెచ్చిన ఆయన, భోజనముల వేళ ఏమి చర్చించుకొని యుందురో యని ఆలోచించు విద్యార్థి ఏ శాఖకు చెందవలెను? అట్టి విద్యార్థికొరకే ఈ ఉత్సవములు.

ఖర్చు మాట కొందరడుగుదురు. నాలుగు దినములకు ఒక హాలు, ఒక చదువరుల బృందము, జాగ్రత్తగా వేసిన కొన్ని దీపములు, అచ్చువేసిన ఒక చిత్రసూచిక. ఇంతకుమించి ఏమియు అక్కరలేదు. పూలదండలు, శాలువలు, జ్ఞాపికలు పూర్తిగా మానివేసినచో మిగులు సొమ్ముతోనే సుబ్బలక్ష్మి గారి కథాసంపుటము నొకదానిని మరల ముద్రించి, ప్రతి కళాశాల గ్రంథాలయమునకు ఒక ప్రతి పంపవచ్చును. ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారు వచ్చు సెప్టెంబరు 17 నాటికి ఈ పని ఆరంభింతురని ఆశించుచున్నాను. వారు మొదలిడినచో ఉస్మానియావారు పాకాల దంపతులకు తేదీ నిర్ణయించుకొనుటకు ఎక్కువ కాలము పట్టదని నా విశ్వాసము. సుబ్బలక్ష్మి గారి కథలు అచ్చయిన పాత పత్రికలు ఎవరి యింటనైన ఉన్నచో, దయచేసి వానిని పాతకాగితముల వానికి వేయకుడు. సమీపములోని విశ్వవిద్యాలయపు తెలుగు శాఖకు ఒక ఉత్తరము వ్రాయుడు.